రెండెకరాల మిర్చి డ్రిప్‌ను ఫోన్‌తో చెక్ చేసుకోవచ్చా?

రెండెకరాల మిర్చికి డ్రిప్ వేశారు, శాటిలైట్ యాప్ సరిపోతుందా, సెన్సర్లు కూడా కొనాలా అని అడిగారు. మాది సిరోంచ దగ్గర, నది దాటితే కాళేశ్వరం. రెండేళ్లుగా ఫోన్‌తోనే నెట్టుకొస్తున్నాను. సెన్సర్లు ఇప్పుడే కొనకండి.

శాటిలైట్ మ్యాప్ ఉచితమే. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాల బొమ్మలు ఐదు రోజులకోసారి వస్తాయి, మబ్బు పడితే మాత్రం ఏమీ కనబడదు. అందులో ఒక్కో గడి 10 మీటర్లు, అంటే మీ రెండెకరాలు మొత్తం 80 గడులే. సాళ్ల మధ్య 1.2 మీటర్ల దూరం ఉంటే ఒక్క గడిలోనే ఎనిమిది లేటరళ్లు, అంటే సాళ్ల వెంట పరిచే సన్న పైపులు, పడతాయి. ఒక పైపు మూసుకుపోతే దానికేం తెలుస్తుంది? పోయినేడు మా చేను చివర పచ్చదనం తగ్గినట్టు చూపిస్తే బొబ్బర తెగులేమోనని రెండుసార్లు మందు కొట్టాను. డబ్బులు దండగ. తీరా చూస్తే ఆ వైపు డ్రిప్పర్లలో బోరు నీటి ఉప్పు తెల్లగా పేరుకుపోయి ఉంది.

అది పట్టించింది మందు కొలిచే గ్లాసు. నాలుగు లేటరళ్లు తీసుకుని, ఒక్కోదానికి మొదటి నుంచి చివరిదాకా నాలుగు చోట్ల, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి నిమిషం పాటు నీళ్లు పట్టాను. గంటకు 4 లీటర్ల డ్రిప్పరైతే నిమిషానికి 67 మిల్లీలీటర్లు పడాలి. మొత్తం 16 అంకెలు షీట్‌లో వేస్తే సగటు 56, అన్నిటికంటే తక్కువ పడ్డ నాలుగింటి సగటు 35. 35ని 56తో భాగిస్తే 62 శాతం చిల్లర, నీళ్లు ఎంత సమానంగా పడుతున్నాయో చెప్పే లెక్క ఇది. 90 ఉంటే బాగున్నట్టు. తక్కువ పడ్డ చోటల్లా లొకేషన్ పడేలా ఫొటో తీసుకోండి, మల్చింగ్ షీట్ కింద మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

యాసిడ్‌తో నీటి పీహెచ్ 4కు తెచ్చి, పైపుల్లో ఒక రోజు నిలవ ఉంచి, ఎండ్ క్యాపులు విప్పి ఫ్లష్ చేశాక 87కు వచ్చింది. యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. ఫిల్టర్‌కు ముందూ వెనకా ప్రెషర్ గేజ్‌ల తేడా అర కేజీ (చదరపు సెంటీమీటరుకు) దాటితే కడిగేయండి.

ఫోన్‌తో మోటార్ వేసే మొబైల్ స్టార్టర్‌ను నమ్ముకుని ఇంట్లో పడుకోవద్దు. మోటార్ తిరుగుతోందని చెబుతుంది గానీ నీళ్లెటు పోతున్నాయో చెప్పదు. లేటరళ్లకు నీళ్లిచ్చే మా సబ్‌మెయిన్ పైపు జాయింట్ ఊడి రాత్రంతా పక్క చేను తడిసింది. ఆ చేను రైతు వారం రోజులు మోటార్ వేయలేదు.