నెస్టింగ్ అని రాసేముందు ఒకసారి ఇది చదువు

తమ్ముడూ,

నీ మెసేజ్ చూశా. నియోబియం డైసెలినైడ్ ఫెర్మీ సర్ఫేస్ (మొమెంటం స్పేస్‌లో నిండిన స్టేట్స్‌ని ఖాళీ స్టేట్స్ నుంచి వేరుచేసే హద్దు) ప్లాట్ వేసి, రెండు ముక్కల మధ్య ఒక బాణం గీసి, నెస్టింగ్ (ఒక ముక్కని ఆ బాణమంత జరిపితే రెండోదాని మీద సరిగ్గా పడటం) వల్లే చార్జ్ డెన్సిటీ వేవ్ (సీడీడబ్ల్యూ, అంటే ఎలక్ట్రాన్ల సాంద్రత, దాంతోపాటు ఆటమ్స్ స్థానాలు అలలా మారడం) వచ్చిందని రాసేయొచ్చా అని అడిగావు కదా, అప్పుడే రాయకు. ఒక డైమెన్షన్ చెయిన్‌కి ఫిజిసిస్ట్ పైయర్ల్స్ చెప్పిన ఈ నెస్టింగ్ కథ భలే కుదురుతుంది గానీ లేయర్డ్ మెటీరియల్స్ దగ్గరికొచ్చేసరికి చాలాచోట్ల అది ఒక్కటే సరిపోదు.

ముందు ససెప్టిబిలిటీ (ఒక్కో వెక్టర్ దగ్గర ఎలక్ట్రాన్లు ఎంతగా స్పందిస్తాయో చెప్పేది) లెక్కవెయ్యి, రియల్ పార్ట్ వేరుగా ఇమాజినరీ పార్ట్ వేరుగా. లో ఫ్రీక్వెన్సీలో ఇమాజినరీ పార్ట్ చూపించేది ఫెర్మీ సర్ఫేస్ నెస్టింగే, కానీ ఎలక్ట్రాన్ల వైపు నుంచి ఇన్‌స్టెబిలిటీ ఉందా లేదా తేల్చేది రియల్ పార్ట్, దాంట్లో ఫెర్మీ లెవెల్‌కి దూరంగా ఉన్న స్టేట్స్ కూడా వచ్చి కలుస్తాయి. 2008లో జొహానెస్, మాజిన్ అనే ఇద్దరు ఫిజిసిస్టులు గట్టిగా చెప్పింది ఇదే. సీడీడబ్ల్యూ వెక్టర్ దగ్గర రెండిట్లోనూ పీక్ ఉంటే తప్ప నెస్టింగ్ అన్న మాట ఎత్తకు.

తర్వాత ఫోనాన్లు (ఆటమ్స్ కంపనాలు), అసలు సంగతి ఇక్కడే ఉంది. నీ మెటీరియల్‌ని సీడీడబ్ల్యూ మొదలయ్యే 33 కెల్విన్ వైపు చల్లబరిచేకొద్దీ ఫోనాన్ ఫ్రీక్వెన్సీ ఒక్క పాయింట్ దగ్గర సూదిమొనలా కుంగదు, గామా-ఎం దారిలో (గామా, ఎం, ఎల్ ఇవన్నీ మొమెంటం స్పేస్‌లో పాయింట్ల పేర్లు) చాలా వెడల్పున మెత్తబడుతుంది. నెస్టింగే కారణమైతే అంత వెడల్పు రాదు, ఎలక్ట్రాన్-ఫోనాన్ కప్లింగ్ మొమెంటంతో బాగా మారడమే అక్కడ పని చేస్తోంది. డీఎఫ్‌టీలో (డెన్సిటీ ఫంక్షనల్ థియరీ లెక్కల్లో) స్మియరింగ్ (ఫెర్మీ లెవెల్ దగ్గర స్టేట్స్ నిండటాన్ని కొంచెం చెదరగొట్టడం) జాగ్రత్త, ఎక్కువ పెడితే ఎలక్ట్రాన్ల టెంపరేచర్ పెంచినట్టే, ఇన్‌స్టెబిలిటీకి గుర్తైన ఇమాజినరీ ఫ్రీక్వెన్సీ మాయమైపోయి అంతా స్టేబుల్ అనిపిస్తుంది, అందుకే కె-మెష్ (మొమెంటం పాయింట్ల గ్రిడ్) పెంచుకుంటూ స్మియరింగ్ తగ్గించుకుంటూ చూడు. ఆ తర్వాత సీడీడబ్ల్యూ ప్యాటర్న్ పట్టే 3×3 సూపర్‌సెల్‌లో ఆటమ్స్‌ని కొంచెం కదిపి, సిమెట్రీ ఆఫ్ చేసి రిలాక్స్ చెయ్యి, కదపకుండా వదిలేస్తే అవి ఉన్నచోటే ఉండిపోతాయి.

ఆర్పెస్ (కాంతితో ఎలక్ట్రాన్లని బయటికి తీసి బ్యాండ్లు కొలిచే ప్రయోగం) డేటా చదవడం నేర్చుకోవాలంటే టైటానియం డైసెలినైడ్‌తో మొదలుపెట్టు, దాంట్లో అంతా స్పష్టంగా కనపడుతుంది. దాని సీడీడబ్ల్యూ మొదలయ్యే దాదాపు 200 కెల్విన్ కిందకి దిగాక ఎల్ పాయింట్ దగ్గర చూడు, గామా దగ్గర ఉండాల్సిన సెలీనియం 4పీ బ్యాండ్ కాపీ ఒకటి టైటానియం 3డీ బ్యాండ్ కింద తేలి వస్తుంది. బ్యాండ్ ఫోల్డింగ్ అంటే ఏంటో ఆ ఒక్క ఇమేజ్‌లో అర్థమైపోతుంది. ఆ సీడీడబ్ల్యూకి కారణం ఎక్సిటాన్లా (ఎలక్ట్రాన్-హోల్ జంటలా) ఫోనాన్లా అన్న వాదనలో మాత్రం ఇప్పుడే ఒక పక్షం చేరిపోకు.

1టీ టాంటలం డైసల్ఫైడ్ మీదకి కూడా వెళ్తానన్నావు. 13 టాంటలం ఆటమ్స్ నక్షత్రంలా ముడుచుకునే ఫేజ్‌లో బల్క్ గ్యాప్‌ని మోనోలేయర్ లెక్కతో వివరించేయకు, మాట్ ఇన్సులేటర్ (ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకోవడం వల్ల కరెంట్ పారనిది) అని ఒక్క మాటలో తేల్చేయకు, లేయర్లు ఒకదానిమీద ఒకటి పేర్చుకునే తీరు మారితే బ్యాండ్లే మారిపోతాయి.

ముందు ఆ ససెప్టిబిలిటీ ప్లాట్లు రెండూ ఒకే స్కేల్ మీద వేసి పంపు, ఇంట్రడక్షన్ సంగతి తర్వాత చూద్దాం.

అన్నయ్య