వజ్రాలు దొరికినా చెడిపోని దేశం

ప్రశ్న: చమురు, వజ్రాలు ఉన్న దేశాల్లోనే అవినీతి ఎక్కువ అంటారు. ఎవరినడిగినా నార్వేను చూపిస్తారు, కానీ వాళ్లు చమురు దొరక్కముందే కుదురుకున్నవాళ్లు. కడు పేదరికంలో ఉండి కూడా గనుల డబ్బును సరిగ్గా వాడుకున్న దేశం ఒక్కటైనా ఉందా? - ఒక పాఠకురాలు, కొత్తగూడెం

జవాబు: ఉందండీ, ఆఫ్రికా దక్షిణాన ఉన్న బోట్స్‌వానా. 1966లో బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోయేనాటికి ఆ దేశం మొత్తానికి ఉన్న తారు రోడ్డు పన్నెండు కిలోమీటర్లని చెబుతారు. పైగా కరువు. మరుసటి ఏడాదే ఒరాపా అనే చోట వజ్రాలు బయటపడ్డాయి.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఒరాపా ఉన్నది బమాంగ్వాటో తెగ నేలలో, మొదటి అధ్యక్షుడు సెరెత్సే ఖామా పుట్టింది ఆ తెగ రాజకుటుంబంలోనే. మా నేల, మా వజ్రాలు అని ఆయన అనొచ్చు, అడ్డుపడేవాళ్లు కూడా పెద్దగా ఉండేవారు కాదు. కానీ భూమి కింద ఉన్నదంతా ఏ తెగదీ కాదు, దేశానిదే అని 1967లోనే చట్టం చేయించారు, అంటే గని తెరుచుకుని డబ్బు కళ్లబడకముందే! డబ్బు వచ్చి పడ్డాక ఇలాంటి నియమం పెట్టడం ఎంత కష్టమో మనకు తెలియనిదా? అప్పటికే దాన్ని తినేవాళ్లు తయారై ఉంటారు.

కంపెనీతో బేరం కూడా గట్టిగానే చేశారు. వజ్రాల వ్యాపారంలో పేరున్న డి బీర్స్‌తో కలిసి పెట్టిన సంస్థలో మొదట 15 శాతమే ఉన్న వాటాను 1975కల్లా సగానికి తెచ్చుకున్నారు. ఆ ఆదాయం ఎక్కువగా బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు వెళ్లింది, అదీ పార్లమెంటు ఒప్పుకున్న ప్రణాళికలో ఉన్న పనులకు.

అలాగని అక్కడ తప్పులే జరగలేదని కాదు. 1990ల మొదట్లో భూముల కుంభకోణంలో సాక్షాత్తూ ఉపాధ్యక్షుడే రాజీనామా చేయాల్సి వచ్చింది, 1994లో అవినీతి మీద ప్రత్యేక సంస్థ పెట్టారు. ధనిక, పేద తేడా ఇప్పటికీ చాలా ఎక్కువ, నిరుద్యోగం కూడా. ల్యాబ్‌లో తయారయ్యే వజ్రాలు వచ్చాక ఆదాయం పడిపోయి ప్రభుత్వానికి పెద్ద టెన్షనే పట్టుకుంది. ఒక్క వజ్రాల మీదే ఇన్నేళ్లు ఆధారపడటం పొరపాటేనని నేననుకుంటాను. అయినా 2024 ఎన్నికల్లో, స్వాతంత్ర్యం నుంచీ పాలిస్తున్న పార్టీ ఓడిపోతే గొడవ లేకుండా దిగిపోయింది. గనుల డబ్బు మీద కూర్చున్న ఎన్ని ప్రభుత్వాలు అలా దిగుతాయి చెప్పండి? పన్నుల కోసం జనం దగ్గరికి రావాల్సిన అవసరం లేని పాలకుడు జనానికి లెక్క చెప్పడం మానేస్తాడు, చాలా దేశాల్లో జరిగింది ఇదే.

మీరు కొత్తగూడెం నుంచి రాశారు కాబట్టి ఇంకో మాట. మన దగ్గర గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో జిల్లా ఖనిజ నిధులు వచ్చాయి. గనులు తవ్వేవాళ్లు ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే రాయల్టీతో పాటు అదనంగా ఇందులో కట్టాలి, బొగ్గుకూ ఇది వర్తిస్తుంది, ఆ డబ్బు గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసం. మీ జిల్లాకు ఎంత వచ్చింది, ఏ ఊళ్లో ఏ పనికి ఖర్చయింది అని సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. వచ్చిన జవాబు మాకూ పంపండి.