చెరువులో తామర పోయి గుర్రపుడెక్క ఎందుకొచ్చింది?

చిన్నప్పుడు తామరలున్న మీ ఊరి చెరువంతా ఇప్పుడు గుర్రపుడెక్కే అని, పీకించినా ఆరు నెలలకే మళ్లీ వస్తోందని, మందు కొట్టించొచ్చా అని అడిగారు. దయచేసి కొట్టించకండి. మా చెరువు సంగతి చెప్తాను.

మాది హైదరాబాద్ శివారు. నాన్న చెరువులో చేపలు పట్టేవాడు. అప్పట్లో ఎండాకాలం చెరువు అడుగంటేది. శిఖంలో, అంటే నీళ్లు తగ్గి బయటపడ్డ చెరువు నేలలో, పశువులు మేసేవి, రైతులు బండ్లతో ఒండ్రు తోలుకుపోయేవాళ్లు. వానలకు నిండితే అడుగున నాచు, మధ్యలో తామర, కలువ, ఒడ్డున తుంగ. మొలలోతు నీళ్లలో నిలబడితే పాదాలు కనిపించేవి.

ముందు నీళ్ల రంగు మారింది. ఎగువ పొలాల్లో యూరియా, డీఏపీ ఎరువులు పెరిగేకొద్దీ నీళ్లు పచ్చబడి, వెలుతురు అందక అడుగు మొక్కలు పోయాయి. తర్వాత కాలనీలొచ్చాయి. వాటి మురుగు కలిసేచోట మేటవేసిన బురదలో జమ్ము లేచింది, దాని వెనకే గుర్రపుడెక్క.

చాలామంది గమనించనిది ఒకటుంది. మురుగు ఏడాది పొడుగునా వస్తుంది కాబట్టి చెరువు ఎండటం మానేసింది. తామర దుంప బురదలో దాక్కుని ఎండాకాలం దాటేస్తుంది. తేలే గుర్రపుడెక్క నీళ్లు ఇంకిపోతే చస్తుంది. ఆ ఎండటమే లేకుండా పోయింది. పైగా మురుగులో నత్రజని, భాస్వరం పుష్కలం. అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. నీళ్లకు మూత పడ్డట్టయి కింద ఆక్సిజన్ తగ్గుతుంది. ఒకరోజు తెల్లారేసరికి మా చేపలన్నీ తెల్లగా తేలాయి. ఆ పొద్దు నాన్న కట్ట మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడలేదు.

మందు కొడితే మొక్కంతా నీళ్లలోనే కుళ్లి, తిన్న భాస్వరాన్ని మళ్లీ అక్కడే వదులుతుంది. మేం చేసిన తప్పు ఇంకోటి: మిషన్‌తో తీయించి కట్ట లోపలివైపే కుప్పపోశాం. వానకు ఆ రసమంతా చెరువులోకే దిగింది. దూరంగా తోలించండి. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువైతే ఎరువుగా వాడొద్దు, దాని వేర్లు సీసం లాంటి లోహాలను పీల్చుకుంటాయి. బురదలో విత్తనాలు ఏళ్ల తరబడి బతుకుతాయి, అందుకే పూతకు ముందే, ఏటా తీయాలి.

1980ల్లో బెంగళూరు చెరువుల్లో దీన్ని తినే ముక్కుపురుగులను వదిలితే ఫలితం కనిపించింది. కానీ మురుగు ఆగనిచోట పురుగు తినేదానికన్నా మొక్క పెరిగేదే ఎక్కువ. ముందు మురుగును మళ్లించే కాలువ కోసం పట్టుబట్టండి.

ఇంతకీ మీ చెరువు ఇప్పుడు ఎండాకాలంలో ఎండుతోందా? మురుగు ఏ వైపు నుంచి కలుస్తోంది? ఆ రెండూ చెప్తే ఎక్కడ మొదలుపెట్టాలో చూద్దాం.