బదనికకు తీర్పు చెప్పే ముందు

ప్రియ మిత్రులకు,

నమస్కారం. మీ 'తోటలో దొంగలు' వ్యాసం చదివాను. చెట్ల కొమ్మల మీద పాతుకుని వాటి సారం పీల్చి బతికే బదనిక మొక్క పండు మింగిన పిట్ట, బంకతో అంటుకున్న గింజను వదిలించుకోవడానికి ఒళ్లును మామిడి కొమ్మకేసి రుద్దుకోవడాన్ని మీరు వర్ణించిన తీరు నన్ను కదిలించింది. అయితే ఆ వెంటనే, ఇలాంటి పరాన్నజీవులు లేకుంటే అడవులు మరింత కళకళలాడేవని రాశారు. ఈ ఉత్తరం ఆ వాక్యం గురించే.

అడవిలోంచి పరాన్నజీవిని తీసేసి చూసినవారున్నారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో జీవావరణ శాస్త్రవేత్త డేవిడ్ వాట్సన్ బృందం కొన్ని అడవుల నుంచి బదనిక జాతి మొక్కలన్నిటినీ కోసి తీసేసింది. 2012లో వెలువడిన ఫలితాల ప్రకారం, మూడేళ్లలో అక్కడి పక్షి జాతుల్లో దాదాపు ఐదో వంతు కనిపించకుండా పోయాయి. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్నవి పండ్లు తినే పక్షులు కావు, నేల మీద పురుగులు ఏరుకునేవి. చాలా చెట్లు ఆకు రాల్చే ముందు అందులోని సారాన్ని వెనక్కి లాక్కుంటాయి, బదనిక మాత్రం సారంతో సహా రాల్చేస్తుంది కాబట్టి, ఆ ఆకుల కింద పురుగులు పెరిగి పక్షులను పోషిస్తాయి.

ఏ జీవి గురించి రాసినా అది ఎవరిని తింటుందో, దానివల్ల ఎవరు బతుకుతున్నారో చివరిదాకా వెంబడించాలని నేను పట్టుబట్టేది ఇందుకే. కాలిఫోర్నియా ఉప్పు చిత్తడి నేలల్లో ఫ్లూక్ అనే ఒక పరాన్న పురుగు నత్తలో పెరిగి, కిల్లీ అనే చిన్న చేప మెదడు మీదికి చేరి దాని నడత మార్చి, చివరకు నీటి పక్షి పేగుల్లో గుడ్లు పెడుతుంది. అది సోకిన చేపలు మిగతావాటికంటే 10 నుంచి 30 రెట్లు ఎక్కువగా పక్షులకు చిక్కుతాయని జీవావరణ శాస్త్రవేత్త కెవిన్ లాఫర్టీ 1996లో చూపించారు. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో నేను దీని మీద ఎంతో శ్రమపడి రాసిన వ్యాసాన్ని ఒక వారపత్రిక సంపాదకుడు నత్తనూ పక్షినీ కొట్టేసి, 'జాంబీ చేప' అని పేరు పెట్టి వేశారు. ఆ కోపం నాకింకా చల్లారలేదు, ఆ ఫ్యాషనూ ఇంకా పోలేదు.

మామిడి రైతుకు బదనికతో నష్టమే. కొమ్మ ఎండిపోతుంటే అతను దాన్ని నరకక తప్పదు. అదీ రాయండి, కానీ దాన్నిబట్టి అడవికి తీర్పు చెప్పకండి.

వ్యాసం తిప్పి పంపుతున్నాను. చెట్టు కింద రాలిన బదనిక ఆకులను కదిపి, అక్కడ ఏ పురుగులున్నాయో, వాటికోసం ఏ పిట్టలు దిగుతున్నాయో చూసి, ఆ భాగం చేర్చి మళ్లీ పంపండి. ఏ పత్రికకు పంపాలన్న మీ ప్రశ్న సంగతి ఆ తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో.