ఆ మేనమామకు అన్నీ తెలుసు

ప్రశ్న: అమ్మగారికి నమస్కారం. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి తన పాఠంలోని డి.హెచ్. లారెన్స్ కథ ‘ద రాకింగ్ హార్స్ విన్నర్’ను మొన్న రాత్రి నాకు తెలుగులో చెప్పింది. డబ్బు చాలక తల్లి పడే బాధ తీర్చాలని పాల్ అనే పిల్లవాడు కొయ్యగుర్రం మీద ఊగి ఊగి, పందెంలో ఏ గుర్రం గెలుస్తుందో కనిపెడుతుంటాడు. చివరికి ఆ ఊపులోనే జ్వరం తెచ్చుకుని చనిపోతాడు. పక్కన పడుకుని విన్న మా పదేళ్ల బాబు, “అమ్మా, మనకు అదృష్టం ఉందా?” అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. ఫ్లాటు అప్పుతో, కాలేజీ ఫీజులతో మేము ఇబ్బంది పడుతున్న మాట నిజమే కానీ, పిల్లల ముందు ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. పాల్ చావుకు తల్లే కారణమని మా అమ్మాయి వాదన. మీరేమంటారు?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: తల్లి తప్పు లేదని అనను. అదృష్టం ఉంటేనే డబ్బు వస్తుందనీ, మీ నాన్నకు అది లేదనీ కన్నకొడుకుతో చెప్పింది ఆమే. కానీ అమ్మా, నా కోపమంతా ఆమె సోదరుడి మీద. ఇన్నేళ్లు తరగతిలో ఈ కథ చెప్పాను. ప్రతిసారీ పిల్లలు తల్లినే దోషిగా నిలబెట్టారు, ఆస్కార్ మామను మంచివాడన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

ఆ మేనమామకు పాల్ ఏదీ దాచలేదు. డబ్బు కావాలని ఇల్లు గుసగుసలాడుతోందని చెప్పాడు. అమ్మకు కోర్టు నోటీసులు వస్తున్నాయని చెప్పాడు. అమ్మ కోసమే పందేలు మొదలుపెట్టానని కూడా చెప్పాడు. ఒక పసివాడు ఇంతగా మనసు విప్పితే పెద్దవాడు చేయవలసిందేమిటి? ఆ సాయంత్రమే సోదరిని కూర్చోబెట్టి మాట్లాడాలి. ఆయన అప్పటికే పందెంలో వాటాదారుగా చేరి ఉన్నాడు. సెయింట్ లెజర్ పందెంలో ఒకటికి పది వచ్చే గుర్రం మీద పాల్ 1,000 పౌన్లు, తోటమాలి బాసెట్ 500, మేనమామ 200 కాశారు. గెలిచాక తనకు కాస్త భయంగా ఉందన్నాడు పెద్దమనిషి. ఆ భయాన్ని కూడా సోదరి దాకా తీసుకెళ్లలేదు.

డెర్బీ అనే గుర్రపు పందేనికి ముందు పాల్ మంచం పట్టి “మాలబార్! మాలబార్!” అని కలవరిస్తుంటే, అదేమిటని తల్లి అడుగుతుంది. తెలియదంటాడు తండ్రి. డెర్బీలో పరుగెత్తే గుర్రమని జవాబిచ్చింది మేనమామే. ఇచ్చి ఊరుకున్నాడా? వెళ్లి ఒకటికి పద్నాలుగు లెక్కన తనూ 1,000 పౌన్లు కాశాడు, ఒళ్లు తెలియని మేనల్లుడి కలవరింత మీద! అది చదివినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. పాల్ మంచం పట్టిన రాత్రి విందులో ఉన్న తల్లికి మాత్రం ఎందుకో కొడుకు మీద ఉన్నట్టుండి ఆందోళన పుట్టింది. ఇంటికి ఫోను చేసింది, ఒంటిగంట వేళకు వచ్చి మేడమీది గదిలో వాణ్ణి కొయ్యగుర్రం మీద చూసింది. వాడికి ఏదో అవుతోందని పసిగట్టింది ఆమె. ఏమవుతోందో తెలిసినవాళ్లు నోరు విప్పలేదు.

ఇక మీ ఇంటి సంగతి. పిల్లల ముందు ఎత్తలేదన్నారు. కథలోనూ ఆ మాట ఎవరూ పైకి అనరు. తోట, నౌకర్లు, క్రిస్మస్‌కు ఖరీదైన బొమ్మలు అన్నీ ఉన్న ఇల్లది. హోదాకు తగ్గ రాబడి మాత్రం లేదు. అయినా “ఇంకా డబ్బు కావాలి” అన్న గుసగుస పిల్లల గదిలోని బొమ్మలకు కూడా వినిపిస్తుంది. లారెన్స్ ఇంగ్లండులోని ఈస్ట్‌వుడ్‌లో బొగ్గు గని కార్మికుడి కొడుకు. తల్లిదండ్రుల డబ్బు తగాదాల మధ్య పెరిగాడు. మీరు ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్లడం, మీవారు వాయిదా తేదీ దగ్గరపడగానే అన్నం సగంలో లేవడం లాంటివి మీ బాబు చూస్తూనే ఉంటాడు.

అందుకని వాడికి లెక్క చెప్పండి. ఈ ఆదివారం ఒక కాగితం మీద జీతం ఎంత, వాయిదా ఎంత, అక్క ఫీజు ఎంత, మిగిలేది ఎంత అని వాడి చేతే రాయించండి. పదేళ్లవాడికి తీసివేతలు వచ్చు. ఏ సంవత్సరంలో అప్పు తీరిపోతుందో కింద వేయించండి. ఇది నాన్న, నేను చూసుకునే పని, నువ్వు తీర్చవలసిన బాకీ కాదు అని స్పష్టంగా చెప్పండి. అదృష్టం గురించి మళ్లీ అడిగితే ఆ కాగితమే చూపించండి.

ప్రశ్న: ఈ కథ నేనూ చదివాను. పాల్ గెలిచాడు కదా మేడమ్? మా ఇంటి అప్పు తీర్చాలని నేను ఫోనులో క్రికెట్ పందేలు కాస్తున్నాను. ఇప్పటికి లాభంలోనే ఉన్నాను. ఇందులో తప్పేమిటి?
– ఒక విద్యార్థి (పేరు, ఊరు వేయవద్దన్నారు)

జవాబు: నాయనా, గెలిచిన డబ్బు ఏమైందో మళ్లీ చదువు. వకీలు ద్వారా 5,000 పౌన్లు, ఏటా ఆమె పుట్టినరోజుకు 1,000 చొప్పున అమ్మకు చేరేలా పాల్ ఏర్పాటు చేశాడు. ఆమె మొత్తం ఒకేసారి తీసుకుంది. కొత్త సామాను వచ్చింది, చలికాలంలో పూలు వచ్చాయి, కొడుకును ఈటన్ అనే ఖరీదైన బడికి పంపే ఏర్పాట్లు జరిగాయి. గుసగుస మాత్రం వసంతకాలపు సాయంత్రం కప్పల మేళంలా చెలరేగింది.

తరువాత గ్రాండ్ నేషనల్ పందెంలో 100, లింకన్ పందెంలో 50 పౌన్లు పోయాయి. వేలు గెలిచినవాడికి అది ఎంత? అయినా పిల్లవాడి కళ్లలో పిచ్చిచూపు వచ్చింది. సముద్రతీరానికి వెళ్లి విశ్రాంతి తీసుకోమంటే డెర్బీ అయ్యేదాకా కదలనన్నాడు. మ్యాచ్ ఉన్న రాత్రి నీకు నిద్ర పడుతోందా? నాకు రాయనక్కరలేదు, నీకు నువ్వు నిజం చెప్పుకో.

ఇంట్లో వాళ్లకు తెలియకుండా ఇంటి అప్పు తీర్చాలనుకోవడం నీ ప్రేమ. దాన్ని నేను తక్కువ చేయను. అయితే ఎంత పెట్టావో, ఎంత వచ్చిందో, ఎంత పోయిందో ఈరోజే మీ అమ్మానాన్నలకు చెప్పు. ఒంటరిగా చెప్పలేకపోతే నువ్వు నమ్మే అధ్యాపకులను ఎవరినైనా వెంట తీసుకెళ్లు. ఈ రహస్యం తెలిసిన స్నేహితుడు ఎవరైనా ఉంటే ఈ జవాబు అతనికి కూడా చూపించు. చెప్పాక ఏమైందో నాకు ఉత్తరం రాయి. అది పత్రికలో వేయను, జవాబు నేరుగా నీకే రాస్తాను.