ఆపరేషనైన బిడ్డ మళ్లీ నలతపడితే

చిరంజీవి సుజాతకు పెద్దమ్మ ఆశీస్సులు.

నెల్లూరులో పిల్లల సర్జరీ వార్డులో డ్యూటీ వేశారని మీ అమ్మ చెప్పింది. సూదిమందులు నీకు ఒకరు నేర్పక్కర్లేదు. ఆపరేషనైన బిడ్డకు మళ్లీ పొట్ట తెరవాల్సి వచ్చే సంగతి మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నా.

పగిలిన అపెండిక్స్‌కో, పేగు కోసి కుట్టడానికో ఆపరేషనై, తేరుకుని ఆడుకున్న బిడ్డ ఐదారు రోజులకు కాళ్లు ముడుచుకుని పడుకుంటే, కుట్టిన చోట లీకవుతోందేమోనని అనుమానించు. పసరు కక్కితే 'గ్యాసేలే' అన్నవాళ్ల మాట వినొద్దు. బీపీ బాగుందని ధీమా పడకు. పిల్లల్లో అది చివర్లో గానీ పడిపోదు. ముందు నాడి పరిగెడుతుంది, మూత్రం తగ్గుతుంది, కాళ్లూచేతులూ చల్లబడతాయి.

పొట్ట కొలిచేటప్పుడు బొడ్డు మీదుగా టేపు పోయేచోట రెండు పక్కలా పెన్నుతో గీత పెట్టు. గీత లేకపోతే నైట్ డ్యూటీ అమ్మాయి కొలత నీ కొలతతో కలవదు, ఉబ్బిందో లేదో ఎవరూ తేల్చలేరు.

కట్టు మీద పల్చటి గులాబీరంగు నీళ్లు ఊరాయంటే లోపలి కుట్లు విడిపోతున్నాయేమోనని అనుమానించు. పేగు బయటికొస్తే లోపలికి నెట్టొద్దు. స్టెరైల్ సెలైన్‌లో తడిపిన ప్యాడ్ కప్పి, సర్జన్‌కు కబురు పంపి, బిడ్డ పక్కనే ఉండు.

పేగులు అతుక్కుని అడ్డుపడితే ప్రతిసారీ కోయనక్కర్లేదు. ముక్కులో ట్యూబు వేసి, సెలైన్ పెట్టి చూస్తే కొన్ని సర్దుకుంటాయి. జ్వరం వచ్చి, పొట్ట తాకనివ్వకపోతే మాత్రం ఇక ఆగకూడదు.

తండ్రి ఫోన్ నంబరు చేరిన రోజే రాసుకో. బిడ్డ నవ్వగానే రొయ్యల గుంటల కాపలాకి వెళ్లిపోతారు, సంతకం వేళకు దొరకరు. "మొదటి ఆపరేషన్ చెడగొట్టారా?" అని తల్లి ఏడుస్తుంది. కసురుకోకు తల్లీ, అడిగే హక్కు ఆమెకుంది. సర్జన్ చేతే కూర్చోబెట్టి చెప్పించు. పేగును పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలించాల్సి రావచ్చనీ, చాలామందికి తర్వాత మూసేస్తారనీ ముందే తెలియాలి. ఆపరేషనయ్యాక ఒక్కసారిగా చూస్తే తట్టుకోలేదు.

థియేటర్‌కు తీసుకెళ్లేటప్పుడు పసిబిడ్డకు తల కప్పు, ఇట్టే చల్లబడిపోతారు.

అర్ధరాత్రయినా డాక్టరును లేపు. "బాబు బాలేడండీ" అంటే చాలదు. నాడి ఎంత నుంచి ఎంతకు పెరిగింది, పొట్ట ఎంత పెరిగింది, ఎన్నిసార్లు పసరు కక్కాడు, అంకెలతో చెప్పు. అప్పటికీ రాకపోతే పై డాక్టరుకు నువ్వే ఫోన్ చెయ్.

కావలి నుంచి,
నీ పెద్దమ్మ