ముద్దాయి, నిందితుడు, నేరస్థుడు: మూడూ ఒకటేనా?

సందేహం: పేపర్లో ఒకే వార్తలో ఒకే మనిషిని ఓచోట ముద్దాయి, ఇంకోచోట నిందితుడు, చివర్లో నేరస్థుడు అంటున్నారు. మూడూ ఒకటేనా? పైగా ఉర్దూ వచ్చిన మా ఆఫీసు మిత్రుడు 'ముద్దయీ అంటే కేసు పెట్టినవాడు కదా' అని నవ్వుతున్నాడు.

సమాధానం: నవ్వనివ్వండి, ఆయన చెప్పింది నిజమే. అరబ్బీ నుంచి ఉర్దూలోకి వచ్చిన ఆ మాటకు దావా వేసినవాడనే అర్థం, ఎదుటివాణ్ణి 'ముద్దా అలైహ్' అంటారు. తెలుగులోకి వచ్చేసరికి ఎలాగో పక్షం మారి బోనెక్కింది. రాజీనామా చూడండి, వాళ్లకది రాజీపత్రం, మనకు ఉద్యోగం వదిలే కాగితం. కాబట్టి మన ముద్దాయిని దిద్దక్కర్లేదు.

ముద్దాయి కోర్టు మాట, నిందితుడు పేపరు మాట, మనిషి ఒకడే. నింద పడినవాడు, అంతే. అది నిజమో కాదో ఆ మాట చెప్పదు, అందుకే నాకిష్టం. నేరం రుజువైందని తీర్పు వచ్చాకే దోషి, నేరస్థుడు.

అయితే అసలు గొడవ పేరు దగ్గర కాదు, దాని ముందుండే క్రియ దగ్గర. 'హత్య చేసిన నిందితుడి అరెస్టు' అని రాస్తారు. 'చేసిన' అన్నాక ఇక నింద ఎక్కడిది, విలేకరే తీర్పు చెప్పేశాడుగా! 'హత్య కేసులో నిందితుడు' అంటే సరిపోయేది. చేశాడట, చేశాడంటున్నారు, చేశాడని ఆరోపణ... భాషలో ఇన్ని దారులున్నాయి, అరుగు మీద పుకారు చెప్పే ముసలమ్మ కూడా ఆ 'అట' వదలదు.

'పోలీసు విచారణలో నేరం ఒప్పుకున్నాడు' అన్నది ఇంకోటి. పోలీసులది దర్యాప్తు, విచారణ కోర్టుది. అది అలా ఉంచితే, పోలీసులకిచ్చిన ఒప్పుకోలును అతని మీద రుజువుగా వాడకూడదు. పాత సాక్ష్యాల చట్టంలో ఇది 25వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 23. ఆ మాటల వల్ల ఏ కత్తో నగో దొరికితే ఆ మేరకే మినహాయింపు. రాజ్యాంగం 20(3) కూడా నిందితుణ్ణి తన మీద తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదంటుంది. కాబట్టి 'ఒప్పుకున్నాడని పోలీసులు చెప్పారు' అని రాయాలి, ఆ 'అని'లోనే ఉంది తేడా అంతా.

రిమాండ్ కూడా శిక్ష కాదు. అరెస్టు చేసినవాణ్ణి ప్రయాణం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, ఆయన కస్టడీకి పంపితే అది రిమాండ్. 'జైలుకెళ్లాడు' అని రాయగానే శిక్ష పడిందనుకుంటారు జనం. విడుదల అన్నా అంతే, బెయిలు మీదా, కేసు కొట్టేశాకా అన్నది చెప్పాలి.

కోర్టు వదిలేశాక 'నిర్దోషిగా బయటపడ్డాడు' అంటారు చూడండి, అందులో ఎలాగో తప్పించుకున్నాడన్న వాసన కొడుతుంది. 'నిర్దోషిగా తేలాడు' అనండి.